పసుపు లైటు ఆర్పినవాళ్ళు

10 నవంబర్ 2025, సోమవారం. సాయంత్రం 6

నువ్వు పిరికివాడివి. అడక్కుండా ఈ డైరీ తెరిచావు కాబట్టి నీకే చెబుతున్నాను. బండిలో పసుపు లైటు వెలిగితే దాని మీద స్టిక్కరు అంటించి తిరిగేది నువ్వే. ఇంజను ఆగిపోయాక డ్రైవర్ని దొంగని చూసినట్టు చూసేదీ నువ్వే. నీకు వంద సాకులు. పనుంది, టైము లేదు, మెకానిక్ ఏం ఫర్వాలేదన్నాడు. నాకు ఒక్క సాకూ వద్దు.

ఇవాళ పొద్దున్న సుమ్మాదేవి రైల్వే గేటు దగ్గర చర్చి బండి ఆగిపోయింది. ఉద్దానం పల్లెల నుంచి నలుగురు కిడ్నీ రోగుల్ని సోమ, బుధ, శుక్రవారాలు పలాస డయాలసిస్‌కి తీసుకెళ్ళే బండి. ఏడు సీట్లు, టర్బో డీజిల్. బాప్టిస్టు సంఘం వాళ్ళు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. నడిపేది చార్లెస్. పద్నాలుగేళ్ళ కిందట టెక్కలి ఐటీఐలో నా దగ్గర డీజిల్ మెకానిక్ ట్రేడ్ చదివాడు.

వెనక నీలం పొగ కమ్మేసిందట. ఆయిలు మట్టం చూసే డిప్‌స్టిక్ ఎగిరి బానెట్‌కి కొట్టుకుందట. ఇంజను పైనంతా ఆయిలు. తాళం తీసేసినా ఇంజను ఆగలేదు, పైగా అరుపు పెంచింది. చార్లెస్ నాలుగో గేరు వేసి, బ్రేకు మీద నిలబడి, క్లచ్ వదిలేశాడు. ఒక్క కుదుపుతో చచ్చినట్టు ఆగింది. నలుగురూ బతికి దిగారు. ఆటో ఎక్కి పలాస చేరారు, రెండు గంటలు ఆలస్యంగా.

మధ్యాహ్నానికల్లా సంఘం సెక్రటరీ ఫిన్నీగారు తీర్పు చెప్పేశారు. డ్రైవరు ఆయిలు చూసుకోలేదు, బండిని తగలేశాడు. ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంటుంది, చార్లెస్‌ని తీసేస్తుంది. తాళం అప్పుడే లాక్కున్నారు.

చార్లెస్ ఫోన్ చేసి, ఏటి మేడం, పదకొండేళ్ళు స్టీరింగు పట్టినాను, ఒక్క కోడిపిల్లని కూడా తొక్కలేదు, ఇప్పుడు ఈ మాట పడాలా అన్నాడు. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఆదివారం నేనూ వెళ్తాను. అర్చకుడి కూతురికి చర్చిలో ఏం పని అని రెండు వైపులా అడుగుతారు. అడగనీ.

11 నవంబర్, మంగళవారం

సెలవు పెట్టి కాశీబుగ్గలో మెకానిక్ మనోహర్ షెడ్డుకి వెళ్ళాను. జీడిగుల్ల పొగ వాసన, దాని మీద డీజిల్ వాసన. బండి అక్కడే ఉంది. నేను వెళ్ళేసరికే పైపులన్నీ విప్పి ట్రేలో పడేశాడు. ఎందుకంత తొందర అంటే, ఫిన్నీగారు బేగి సెయ్యమన్నారు మేడం అన్నాడు.

ఆయిలు ఎక్కడికి పోయింది అంటే, తాగేసింది మేడం, బండి కాదు డ్రైవరు అని నవ్వాడు. పక్కనున్న ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు.

నేను చూసింది ఇది. ఇంజన్లోకి గాలిని తోసే టర్బోకి ముందూ వెనకా గొట్టాలు ఆయిలుతో తడిసి ఉన్నాయి. ఆయిలుని ఆపే క్రాంక్ సీల్ దగ్గర కారింది. చిల్లు లేదు, పగులు లేదు. లోపలి ప్రెషర్ నెట్టిన ఆయిలు అది. కామన్ సెన్స్. పిస్టన్ పక్క సందుల్లోంచి మండిన గాలి కాస్త ఎప్పుడూ కిందికి, ఆయిలుండే క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది. ఎంత కొత్త ఇంజనైనా అంతే. ఆ గాలి పోవడానికే బ్రీదర్ పైపు. ఈ బండిలో ఆ పైపు టర్బో ముందున్న గొట్టంలో కలుస్తుంది, టర్బో ఆ గాలిని పీల్చి మళ్ళీ మంటలోకి పంపుతుంది. దారిలో ఒక ప్రెషర్ సెన్సార్. పైపు మూసుకున్నా ఊడినా పసుపు లైటు వెలిగిస్తుంది.

దారి మూసుకుంటే గాలి ఊరుకుంటుందా. సీళ్ళని తోస్తుంది. డిప్‌స్టిక్‌ని ఎగరగొడుతుంది. టర్బోలోకి వెళ్ళిన ఆయిలు కిందికి దిగలేక గాలి గొట్టంలోకి కారుతుంది. ఇంజను దాన్నే డీజిల్ అనుకుని మండిస్తుంది. సోమవారం జరిగింది అదే.

అంటే దారి మూసుకుంది. మరి లైటు ఎందుకు వెలగలేదు?

తాళం తిప్పించాను. అన్ని లైట్లూ వెలిగి ఆరాయి, పైపు విప్పి ఉన్నా పసుపుది కూడా. మనోహర్ కళ్ళు కిందికి దించాడు. గట్టిగా అడిగితే చెప్పాడు. జూన్‌లో లాప్‌టాప్ పెట్టి ఆ సెన్సార్ కోడ్‌ని ఆపేశాడట. ఫిన్నీగారే ఆపమన్నారట. లైటు చూసి పేషెంట్లు భయపడుతున్నారని.

దొరికారు. కాపలావాడి నోట్లో గుడ్డ కుక్కి, దొంగతనం జరిగాక పక్కింటివాడి మీద కేసు పెడతారా. సుమ్మాదేవి గేటు దగ్గర పోవాల్సిన నాలుగు ప్రాణాలు కాపాడినవాడు దోషి, లైటు ఆర్పించిన సెక్రటరీగారు జడ్జి. ఈ దేశంలో ఇది కొత్తా?

ఆదివారం చెప్పాల్సిన మాటలు రెండు పేజీలు రాసుకున్నాను. బాగా వచ్చాయి.

12 నవంబర్, బుధవారం

బండిలో వెళ్ళే నలుగురిలో పెద్దావిడ జీవరత్నమ్మగారు ఇవాళ ఆటోలో వెళ్ళి, ఆటోలో వచ్చి, వాకిట్లోనే పడుకుందట.

13 నవంబర్, గురువారం

చార్లెస్ ఐటీఐకి వచ్చాడు. క్యాంటీన్లో టీ తాగాం. లైటు ఆర్పించింది ఎవరో నాకు తెలిసిందని చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

అసలు లైటు ఎప్పుడు మొదలైంది అని అడిగాను. ఏప్రిల్లో అన్నాడు. అంతకు ముందు బండిలో ఏం ముట్టుకున్నారు అన్నాను. గుర్తులేదు మేడం అన్నాడు. నా దగ్గర చదివినవాడికి గుర్తు లేకపోవడమా? ఇతను పడవ ఇంజన్ల మీద పెరిగినవాడు. మూలపేట ఒడ్డున తండ్రి పడవ ఉన్నప్పుడు, ఏ బోల్టు ఏ నెలలో బిగించాడో పాతిక పడవలకి చెప్పేవాడు.

మనోహర్‌ని కాపాడుతున్నావా, వాడు నీకు బావా మావా అని అరిచాను. క్యాంటీన్ అంతా తిరిగి చూసింది. చార్లెస్ మెల్లగా, ఒగ్గీండి మేడం, తప్పు ఆడిదేనని పెట్టీండి, అక్కడితో అయిపోతాది అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. నిజం మొత్తం కావాలి, ముక్కలు కాదు అన్నాను. వీళ్ళ కోసం మనం గొంతు చించుకుంటాం, వీళ్ళు మాత్రం నోరు విప్పరు. బానిస బుద్ధి అని కూడా అన్నాను. అతను టీకి డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు.

14 నవంబర్, శుక్రవారం. మధ్యాహ్నం 3

డయాలసిస్ సెంటర్ వరండాలో జీవరత్నమ్మగారి దగ్గర కూర్చుని వచ్చాను. సాక్ష్యం కోసమే వెళ్ళాను, దాచుకోవడం ఎందుకు. లైటు చూసి మీరు భయపడ్డారని ఫిన్నీగారు అంటున్నారు, నిజమేనా అని అడిగాను.

ఆవిడ పకపకా నవ్వింది. ఓలమ్మా, నా ఒంట్లో నీరు ఆరు లీటర్లు ఉంటే బయపడనిదాన్ని, ఇంతమాత్రం దీపానికి బయపడతానేటి అంది. ఆ బండికీ నాకూ ఒకటే జబ్బు, లోనిది బయిటికి పోదు అంది. ఈ పోలికలు నాకు నచ్చవు. ఆవిడ జబ్బు, ఆవిడ ఇష్టం.

తర్వాత, చార్లెస్ పాపం ప్రతి శనివారం ఆ గుడ్డ ఊడదీసి డీజిల్లో ఉతికి ఆరేసేవోడమ్మా, ఇంట్లో పెళ్ళాం సీర కూడా అంత సుబ్బరంగా ఉతికుండడు అంది.

ఏ గుడ్డ అన్నాను.

ఆవిడ నన్ను వింతగా చూసింది. అదేటమ్మా, నువ్వే కదా సెప్పినావు. ఏప్రిల్లో బండి ఆపి ఫోన్ సేసినాడు, స్పీకర్ పెట్టినాడు, నలుగురం ఇన్నాం. ఆ గొట్టం ఊడదీసి కిందికి ఏలాడదియ్యి, సివర గుడ్డ కట్టు, పడవకి కట్టినట్టే కట్టు అన్నావు. తరవాత దీపం ఎలిగితే మళ్ళీ సేసినాడు. అది కంపినీవోడి ఏసాలు, పట్టించుకోకు అన్నావు. నీ మాటకి మేవందరం సప్పట్లు కూడా కొట్టినాం.

బస్సులో ఇదంతా ఫోన్లో టైప్ చేశాను. ఇంటికి వచ్చి ఎక్కించాను. ఇంతకన్నా రాయలేను.

15 నవంబర్, శనివారం. ఉదయం 5

రాయాలి.

గుర్తొచ్చింది. ప్రాక్టికల్ రికార్డులు దిద్దుతున్నాను. చార్లెస్ ఫోన్. బ్రీదర్ పైపు నుంచి టర్బో గొట్టంలోకి ఆయిలు తడి వస్తోంది మేడం, ఏటి సెయ్యమంటారు అన్నాడు. ఎర్ర పెన్ను కింద పెట్టను కూడా పెట్టలేదు. బయటికి వదిలెయ్, గుడ్డ కట్టు అన్నాను. పది సెకన్లు.

మా ఒడ్డున ఎవరైనా అదే చెబుతారు. పడవ ఇంజనుకి బ్రీదర్ చివర లుంగీ ముక్క కడతారు, ఆయిలు చుక్క వలల మీద పడకుండా. వేటకి వెళ్ళొచ్చాక విప్పి ఉతుకుతారు. పన్నెండేళ్ళు పడవ క్యాంపుల్లో నేనే నేర్పాను. అక్కడ అది సరైన పని. పడవ ఇంజను నెమ్మది, గంటల తరబడి ఒకే వేడి మీద తిరుగుతుంది, టర్బో లేదు. ఈ బండి వేరు. టర్బో తోసే బలానికి పిస్టన్ల పక్కనుంచి దిగే గాలీ ఎక్కువే. ముప్పై కిలోమీటర్లు పరిగెత్తడం, నాలుగు గంటలు చల్లారడం, మళ్ళీ ముప్పై. చల్లారినప్పుడల్లా తేమ చేరి, ఆయిలుతో కలిసి పెరుగులా గడ్డకట్టి గుడ్డలో దిగుతుంది. వారానికోసారి ఉతికితే చాలదు. ఇది నాకు తెలియదా? తెలుసు. మొన్న మంగళవారం ఈ డైరీలోనే ఎంత చక్కగా వివరించాను.

తెలిసీ ఎందుకు చెప్పాను? అప్పటికి నేను రాసిన కరపత్రం మత్తులో ఉన్నాను. మన బండి మనమే బాగుచేసుకునే హక్కు మనదని, సెన్సార్ అంటే కంపెనీ మన బానెట్ కింద పెట్టిన గూఢచారి అని, ఐదువందల కాపీలు వేయించి టెక్కలి బస్టాండులో పంచాను. మొదటి మాట ఇప్పటికీ నిజం. ఆ కోడ్ అర్థం డ్రైవరుకి తెలియకుండా తాళం వేసుకున్నది కంపెనీయే. కానీ తాళం వేసినవాడి మీద కోపంతో, లోపల అరుస్తున్నదాన్ని కూడా అబద్ధాలకోరు అన్నాను. పైపు ఊడదీసిన రెండోరోజే సెన్సార్ నిజం చెప్పింది. నేను వేషాలన్నాను. ఫిన్నీగారు జూన్‌లో ఆర్పించిన లైటుని నేను ఏప్రిల్లోనే ఆర్పేశాను, లాప్‌టాప్ కూడా లేకుండా.

ఉదయం 11

షెడ్డుకి వెళ్ళి గుడ్డ అడిగాను. లేదన్నాడు మనోహర్. తర్వాత చెప్పాడు, ఫిన్నీగారు కవర్లో వేయించి పట్టుకెళ్ళారట, ఆదివారం అందరికీ చూపిస్తారట. డ్రైవరు చేతిపనికి సాక్ష్యం. నువ్వు కోడ్ ఆపింది కూడా చూపిస్తారా అంటే, నాకు నోరుందేటి మేడం, నా షెడ్డు ఆల సంఘం స్థలంలో ఉంది అన్నాడు. అతని మీద సగం కోపం పోయింది. సగం ఉంది.

పైపులు మళ్ళీ పెట్టించి, బండిలో ఆయిలు పోయించి స్టార్ట్ చేయించాను. చార్లెస్ సమయానికి ఆపాడు కాబట్టి ఇంజను బతికే ఉంది. టర్బో సీళ్ళు మారిస్తే చాలు. లోపలి ప్రెషర్ కొలవడానికి మందుల షాపులో సెలైన్ ట్యూబు కొన్నాను. దాన్ని వంచి అరమూర నీళ్ళు పోసి, రంగు కోసం ఒక చుక్క ఎర్ర సిరా వేసి, ఒక చివర డిప్‌స్టిక్ గొట్టానికి బిగించాను. బ్రీదర్ పైపు టర్బో గొట్టానికి సరిగ్గా పెడితే నీళ్ళు ఇంజను వైపు రెండు వేళ్ళు లాక్కున్నాయి. అదీ ఉండాల్సిన తీరు. పైపు ఊడదీసి వేలితో మూస్తే నీళ్ళు నా మొహం మీద కొట్టాయి.

మొహం తుడుచుకుని ఇంకోసారి మూసి చూశాను. మళ్ళీ కొట్టాయి.

సాయంత్రం 5

చార్లెస్ ఇంటికి వెళ్ళాను. నువ్వు దాచింది నన్నా అన్నాను. అవును మేడం అన్నాడు. మొన్న నన్ను బానిస బుద్ధి అన్నారు, ఆ మాట మాత్రం ఎనక్కి తీసుకోండి, మిగతాది మీ ఇష్టం అన్నాడు. తీసుకున్నాను.

అయినా చెప్పొద్దన్నాడు. నాకు ఎక్కడో చోట స్టీరింగు దొరుకుతాది. మీ మాట పడిపోతే మాలాటోళ్ళ తరపున రేపు ఎవులు మాటాడతారు అన్నాడు.

ఈ వాదన నాకు కొత్త కాదు. పాతికేళ్ళుగా ప్రతి యూనియన్ ఆఫీసులోనూ విన్నాను. నాయకుడి పరువు నిలవాలి, అందుకోసం ఒక కార్మికుడి ఉద్యోగం పోతే పోనీ, ఉద్యమం పెద్దది. ఆ మాట అన్నవాళ్ళందరితో దెబ్బలాడాను. ఇవాళ అదే మాటని నా నెత్తిన కిరీటంలా ఎవరో పెడుతుంటే, ఒక్క నిమిషం, సరిగ్గా ఒక్క నిమిషం, బాగుందనిపించింది. ఇది ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఆదివారం కోసం రాసుకున్న ఆ రెండు పేజీలు చింపేశాను.

16 నవంబర్, ఆదివారం. సాయంత్రం 4

చర్చి ఆవరణ. ఆరాధన అయ్యాక కమిటీ తొమ్మిదిమంది కుర్చీల్లో, సంఘం అంతా చాపల మీద. బండిని మనోహర్ నడుపుకుంటూ తెచ్చాడు, మెల్లగా. నేను సెలైన్ ట్యూబు పట్టుకుని నిలబడ్డాను. ఎవరో, పూజారిగారి అమ్మాయి ఇంజనుకి గ్లూకోజు ఎక్కిత్తాది గావాల అన్నారు. నవ్వుకున్నారు.

ఫిన్నీగారు రిటైరైన రైల్వే గుమాస్తా. పద్ధతైన మనిషి. ముందు ప్రార్థన చేశారు. తర్వాత కవరు తెరిచి గుడ్డ బయటికి తీశారు. గళ్ళ లుంగీ ముక్క, మామిడి తాండ్రలా నల్లగా బిగిసిపోయింది. దీన్ని మన డ్రైవరు ఎవరినీ అడక్కుండా కట్టాడు, ఇంజను ముక్కు మూశాడు, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అన్నారు.

చార్లెస్ లేచి, అవునయ్యా నేనే కట్టినాను అన్నాడు. ఎవరు కట్టమన్నారో చెప్పకుండానే కూర్చున్నాడు.

నేను బానెట్ ఎత్తించి ఇంజను స్టార్ట్ చేయించాను. పైపు దాని చోట ఉన్నప్పుడు నీళ్ళు లోపలికి పోవడం చూపించాను. తర్వాత అదే గుడ్డ అడిగి తీసుకుని, అదే పైపుకి, పడవకి కట్టే ముడితోనే కట్టాను. రెండు లెక్కపెట్టేలోపు ఎర్ర నీళ్ళు ఎగిరి ఫిన్నీగారి తెల్ల చొక్కా మీద పడ్డాయి. కావాలని చేయలేదు. బాధా పడలేదు.

అప్పుడు చెప్పాను. ఈ ముడి చార్లెస్‌కి నేర్పింది నేను. ఏప్రిల్లో కట్టమన్నది నేను. లైటు వెలిగితే పట్టించుకోవద్దన్నదీ నేనే. జూన్‌లో ఆ లైటుని పూర్తిగా ఆర్పించింది మీ సెక్రటరీగారు. మా ఇద్దరి మధ్యా ఏడు నెలలు బండి నడిపి, ఆఖరికి మా ఇద్దరి తప్పునీ నాలుగో గేర్లో ఆపినవాడు చార్లెస్. తీసెయ్యాలంటే వరసలో ముందు మేమిద్దరం ఉన్నాం.

చాపల మీద నుంచి ఒకాయన, కరపత్రం పంచినావిడ ఈవిడేనా అన్నాడు. అవును నేనే అన్నాను. తిన్నగా నా కళ్ళలోకి చూసి, మా తమ్ముడు అది సదివి తన బండి లైటుకి కూడా నల్ల టేపు అంటించినాడమ్మా అన్నాడు. ఫోన్ నంబరు తీసుకున్నాను, రేపే వెళ్ళి ఆ బండి చూస్తాను.

ఫిన్నీగారు చొక్కా తుడుచుకుంటూ, పెద్దవాళ్ళు చెప్పారని ఎవడైనా గుడ్డ కట్టేస్తాడా, డ్రైవరుకి బుద్ధి ఉండొద్దా అన్నారు. జీవరత్నమ్మగారు గోడకి ఆనుకుని కూర్చునే, పెద్దోలు సెప్పినారనే కదా నాయనా, మనవంతా ఆదివారం ఆదివారం ఇక్కడ కూకుంతన్నాం అంది. పాస్టరుగారికే ముందు నవ్వొచ్చింది.

అరగంట గుసగుసల తర్వాత తీర్మానం. మేడంగారు తప్పు తనదేనని, క్షమించమని కాగితం మీద రాసిస్తే చార్లెస్‌కి తాళం ఇస్తారు. బుధవారం లోపు. సెక్రటరీగారి లైటు సంగతి తీర్మానంలో లేదు. అడిగాను. అది వేరే విషయం అన్నారు.

17 నవంబర్, సోమవారం

టర్బో సీళ్ళు వచ్చాయి. చార్లెస్, మనోహర్ కలిసి బిగించారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఎనిమిది గంటలు పనిచేశారు, తర్వాత ఒకే పొట్లంలో పకోడీ తిన్నారు.

18 నవంబర్, మంగళవారం

క్షమాపణ లేఖ అడిగారు. పొద్దున్న ఇచ్చి వచ్చాను. నకలు ఇది.

బ్రీదర్ పైపు ఊడదీయించి గుడ్డ కట్టించిన తప్పు నాది. లైటుని నమ్మొద్దన్న తప్పు కూడా నాదే. చార్లెస్‌ది కాదు. ఇక నా డిమాండ్లు.

1. ఈ కాగితం అందిన గంటలో తాళం చార్లెస్ చేతిలో పెట్టాలి. అందరి ముందూ లాక్కున్నారు, అందరి ముందే ఇవ్వాలి.

2. జూన్‌లో ఆపిన సెన్సార్ కోడ్‌ని మనోహర్ ఈ రోజే తిరిగి పెట్టాలి. పెట్టినట్టు రాసివ్వాలి. ఆపమన్నది ఎవరో కూడా రాయాలి.

3. కోడ్ చదివే పరికరం బండిలోనే, డ్రైవరు దగ్గరే ఉండాలి. సెక్రటరీ బీరువాలో కాదు.

4. ఆ కోడ్‌ల అర్థం తెలుగులో అచ్చువేసి ఇవ్వాలని బండి కంపెనీకి సంఘం తరఫున లేఖ రాయాలి. నేను రాసిపెడతాను, సంతకాలు మీరు పెట్టండి.

5. డ్రైవరు దారిలో బండి ఆపితే, ఎందుకు ఆపావని ఇంజను చల్లారేదాకా ఎవరూ అడగకూడదు.

6. నా తప్పు మీ మినిట్స్ బుక్కులో నా పూర్తి పేరుతో ఎక్కించాలి. దాని కింద ఫిన్నీగారిది, ఆయన పూర్తి పేరుతో.

7. ఇకమీదట నేను ఫోన్లో ఏం చెప్పినా, చార్లెస్ నన్ను ఎందుకు అని అడగాలి. రెండుసార్లు.